ఎస్‌ఎంపీఎస్ కొనేముందు మీ ఇంటి కరెంటును చూడండి

అల్లూరు పక్క ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే అన్న ఒకాయన పోయిన వేసవిలో ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి చక్కగా నడిచే కంప్యూటరు సాయంత్రం ఏడు దాటితే చాలు, దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోంది. పెళ్లి ఆల్బమ్ చేస్తుండగా ఒకే రాత్రి మూడుసార్లు పోయింది. "వైరస్ అన్నారు, విండోస్ మార్పించా. ర్యామ్ అన్నారు, అదీ మార్పించా. ఇంకేం మార్చాలి తమ్ముడూ?" అన్నాడు. నేను కావలిలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. మర్నాడు సాయంత్రం మల్టీమీటరు సంచిలో వేసుకుని బండి మీద వెళ్లాను.

ఆరున్నరకు గోడ ప్లగ్గులో 221 వోల్టులు ఉంది. చీకటి పడేసరికి ఊరి చుట్టూ రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు, అంటే నీళ్లలోకి గాలి పట్టించే మోటార్లు, ఒకటొకటిగా వేయడం మొదలుపెట్టారు. మేం చూస్తుండగానే మీటరు మీద అంకె 205కు దిగింది, తర్వాత 190, తర్వాత 174. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే కొత్త ఏరియేటరు పడ్డ ప్రతిసారీ ట్యూబులైటు రెప్పపాటు కుంగి లేస్తోంది. అలాంటి ఒక కుంగులో మానిటరు నల్లబడింది, క్యాబినెట్‌లో టిక్కుమని చప్పుడైంది, కంప్యూటరు మళ్లీ మొదటి నుంచి లేచింది.

లోపల ఉన్నది క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటరుకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె. దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని రాసి ఉంది. ఆయన చేసే పనికి నిజంగా 450 వాట్లుంటే చాలా ఎక్కువ. మరి ఎందుకు పడిపోతోంది? ఎస్‌ఎంపీఎస్ కొనడానికి వెళ్లినప్పుడు మనమందరం అంగట్లో అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" అని. ఆ లెక్క ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మన ఊళ్లలో కంప్యూటర్లను తినేసేది మాత్రం గోడలోంచి వచ్చే కరెంటు. దాన్ని తట్టుకునే సరుకు ఏదో తెలుసుకోవడానికే కాస్త ఓపిక కావాలి.

ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయి?

గోడలో వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. కంప్యూటరుకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఎస్‌ఎంపీఎస్ ముందు ఏసీని డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుతుంది. అక్కడ 325 వోల్టుల దాకా ఉంటుంది. ఆ డీసీని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతాయి. అటుపక్క తక్కువ వోల్టేజీలు తయారవుతాయి.

ఆ పెద్ద కెపాసిటర్‌ను మిద్దె మీద నీళ్ల ట్యాంకు అనుకోండి. మోటారు ఆగినా ట్యాంకులో నీళ్లున్నంతసేపు కుళాయి ఆగదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లకు 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే ప్రమాణం ఉంది. గోడలో కరెంటు ఒక్కసారిగా పోయినా సుమారు 16 మిల్లీసెకన్లపాటు బయటికి సరైన వోల్టేజీ ఇస్తూనే ఉండాలన్నది అందులో చాలాకాలంగా ఉన్న నియమం. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అంటే ఒక్కో ఊపు 20 మిల్లీసెకన్లు. దాదాపు ఒక ఊపు మొత్తం రాకపోయినా కంప్యూటరుకు తెలియకూడదన్నమాట.

ఇప్పుడు ఏరియేటర్ల సంగతికి వద్దాం. మామూలు చవక ఎస్‌ఎంపీఎస్‌లో ట్యాంకు ఎంత నిండుతుందన్నది గోడలో వోల్టేజీ మీదే ఆధారపడుతుంది. పైగా కెపాసిటర్‌లో నిలవుండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 బదులు 170 వోల్టులు వస్తే తగ్గేది నాలుగో వంతే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే 170ని 230తో భాగించి వర్గం చేయాలి, 0.55 దగ్గర వస్తుంది. ట్యాంకులో నీళ్లు దాదాపు సగమైపోయాయి. ఆ సగం ట్యాంకుతో ఉన్నప్పుడు పక్క గుంటలో ఇంకో మోటారు పడితే, ఒక్క కుంగుకే ట్యాంకు ఖాళీ. కంప్యూటరు రీస్టార్ట్ అవడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. పైగా ఆ కెపాసిటర్ చిన్నదైతే, లేక ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయి ఉంటే చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూటు. లోపలికి 100 వోల్టులు వచ్చినా 240 వచ్చినా అది పైకెత్తి, కెపాసిటర్‌ను ఎప్పుడూ 380, 400 వోల్టుల దగ్గరే నిలబెడుతుంది. గోడలో 170 ఉన్నా ట్యాంకు నిండుగానే ఉంటుంది. నా మాట విని వాట్ల కంటే ముందు లేబుల్‌లో ఈ ఒక్క గీత వెతకండి: ఇన్‌పుట్ ఎంత అని రాశారు? 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ఫుల్ రేంజ్. 200 నుంచి 240 అని మాత్రమే ఉన్నవీ మన మార్కెట్‌లో దొరుకుతాయి, వాటిలో మంచి కంపెనీలవీ ఉంటాయి. నెల్లూరు టౌన్లో, ఒంగోలు నడిబొడ్డున ఉన్నవాళ్లకు అవి సరిపోవచ్చు. రొయ్యల గుంటల పక్కన, బోరు మోటార్ల లైను చివర ఉన్న ఇంటికి మాత్రం ఫుల్ రేంజ్ తప్ప ఇంకోటి కొనవద్దు.

పాత ఎస్‌ఎంపీఎస్‌లకు వెనకాల 115, 230 అని ఒక ఎర్ర స్విచ్చి ఉంటుంది. పిల్లలు దాన్ని 115 వైపు జరిపితే, స్విచ్చి వేయగానే టపాసు పేలినట్టు పేలుతుంది. అలాంటిది ఇంట్లో ఉంటే 230 వైపు పెట్టి దాని మీద టేపు అంటించండి.

లేబుల్‌ను చదవడం

స్టూడియో అన్న ఎస్‌ఎంపీఎస్‌ను విప్పి బల్ల మీద పెట్టి, టార్చి వేసి లేబుల్ చూశాం. 3.3 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు, 5 దగ్గర 22, 12 దగ్గర 16. ఇవాళ్టి కంప్యూటరులో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేది దాదాపు అంతా 12 వోల్టుల లైను నుంచే. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. పెట్టె మీద రాసిన 450లో ఆయనకు పనికొచ్చేది ఆ 192 మాత్రమే. మిగతాది ఎక్కువగా పాతికేళ్ల కిందటి కంప్యూటర్లకు పనికొచ్చే లెక్క. మంచి 450 వాట్ల దాని లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లో అంతకు కాస్త అటూఇటుగానో ఉంటుంది, అంటే 430 వాట్లు. రెండూ 450లే. ధరలో తేడా ఎందుకుందో ఆ ఒక్క గుణకారం చెబుతుంది.

ఆయన కంప్యూటరులో ఉన్న ఐ5 12400 ప్రాసెసరు పెట్టె మీద 65 వాట్లు అని ఉంటుంది గానీ, గట్టిగా పనిచేసేటప్పుడు 117 దాకా వెళ్లొచ్చని ఇంటెలే చెబుతోంది. జీటీఎక్స్ 1650 కార్డుకు 75. ఆ రెండే 192 అయిపోయాయి. ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు ఇంకా లెక్కలోకి రాలేదు. పగలు 220 వోల్టుల దగ్గర ఎలాగో ఈదుకొస్తున్నది రాత్రి 174 దగ్గర మునిగిపోవడంలో వింతేమీ లేదు.

మీ వాట్లూ ఇలాగే లెక్క వేసుకోవచ్చు. ప్రాసెసరు గరిష్ఠం, గ్రాఫిక్స్ కార్డు గరిష్ఠం కలిపి, మిగతావాటికి ఒక 50, 60 వేసుకోండి. 12400తో ఆర్‌టీఎక్స్ 3060 వేసుకుంటే 117కు 170, పైన 60 కలిపితే 350 లోపు. అయినా ఎన్‌విడియా ఆ కార్డుకు 550 వాట్లది పెట్టమంటుంది. ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డులు కంటికి, మీటరుకు చిక్కనంత చిన్న క్షణంలో తమ లెక్కకు మించి గుంజుతాయి. ఈ బాధ ముదిరాకే 2022లో ఏటీఎక్స్ 3.0 వచ్చింది. పెద్ద కార్డుల కోసం చేసిన ఎస్‌ఎంపీఎస్‌లు సెకనులో పదివేలో వంతుసేపు తమ సామర్థ్యానికి రెట్టింపు ఇవ్వగలగాలని అందులో రాశారు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా డీటీపీ, అకౌంట్లు, పిల్లల చదువులకైతే మంచి 400, 450 చాలు. 750 కొనడం డబ్బు దండగ.

"పెద్దది కొంటే బిల్లు ఎక్కువొస్తుందేమో" అని చాలామంది అడుగుతారు. రాదు. 750 వాట్లది పెట్టినా కంప్యూటరు 200 వాడుతుంటే ఆ 200కు తగ్గట్టే గోడ నుంచి లాగుతుంది.

బ్రాంజ్, గోల్డ్ దేనికి కొలత?

ఎస్‌ఎంపీఎస్‌ల మీద కనిపించే 80 ప్లస్ ముద్ర 2004 నుంచి ఉంది. బ్రాంజ్, గోల్డ్ అనేవి అందులో మెట్లు. లోపలికి తీసుకున్న కరెంటులో ఎంత వంతు కంప్యూటరుకు చేరుతోంది, ఎంత వేడిగా పోతోంది అన్నదే ఆ ముద్ర కొలుస్తుంది. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర, అంటే సామర్థ్యంలో సగం వాడుతున్నప్పుడు, బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం ఇవ్వాలి. 300 వాట్లు వాడే కంప్యూటరు బ్రాంజ్‌తో గోడ నుంచి 353, గోల్డ్‌తో 333 తీసుకుంటుంది. తేడా 20 వాట్లు. రోజుకు ఆరు గంటలు వాడితే నెలకు మూడున్నర యూనిట్లు. ఈ ఆదా కోసమే అయితే గోల్డ్‌కు వెయ్యి, రెండు వేలు ఎక్కువ పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ముద్ర చెప్పని సంగతులే మనకు ముఖ్యం. ఆ పరీక్ష 23 డిగ్రీల గదిలో చేస్తారు. రోహిణి కార్తెలో ఒంగోలులో రేకుల షెడ్డులో ఉన్న నెట్ సెంటరు అలా ఉండదు. బయట 43 ఉంటే గదిలో 38, క్యాబినెట్‌లో ఇంకా ఎక్కువ. కెపాసిటర్‌లకు వేడంటే ఆయుష్షు తగ్గడమే. పది డిగ్రీలు పెరిగితే వాటి జీవితం సగమవుతుందన్నది ఈ పనిలో అందరూ వాడే అంచనా. అందుకే లోపల 105 డిగ్రీల కెపాసిటర్లు వాడారా, 85వా అన్నది చూడాలి. అలాగే చెప్పిన వాట్లను 40 డిగ్రీల దగ్గర ఇస్తామంటున్నారా, 50 దగ్గర ఇస్తామంటున్నారా అన్నది కంపెనీ కాగితంలో ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండేవాళ్లు 50 అని రాసినదానికి మొగ్గు చూపడం మంచిది. ముద్ర ఉన్నంత మాత్రాన ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్, వేడి ఎక్కువైతే ఆగిపోవడం లాంటి రక్షణలు ఉన్నట్టు కాదు. అవి విడిగా రాసి ఉన్నాయో లేదో చూసుకోండి.

చవకదానికీ మంచిదానికీ తేడా విప్పితే తెలుస్తుంది. కానీ మీరు విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవుంటుంది. స్టూడియో నుంచి తెచ్చినదాన్ని జాగ్రత్తగా ఖాళీ చేసి నేను విప్పాను. కరెంటు లోపలికొచ్చే చోట రాగి తీగ చుట్టిన ఫిల్టర్ కాయిళ్లు ఉండాలి, బోర్డు మీద వాటికి చోటు గీసి అచ్చు కూడా వేశారు. అక్కడ కాయిలు లేదు, చిన్న తీగ ముక్కను వంచి అతికించారు. పిడుగు పడ్డప్పుడు, వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకినప్పుడు (సర్జ్) తాను కాలిపోయి మిగతాదాన్ని కాపాడే బిళ్ల లాంటి భాగానికి రెండు కన్నాలున్నాయి, బిళ్ల లేదు. ఫ్యాను రెక్కల మీద ఉప్పు గాలి తడి, దుమ్ము కలిసి గట్టిపడిన పొర. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రం దగ్గర ఇళ్లలో ఇదే చూస్తాను. చీమకుర్తిలోనైతే గ్రానైటు పొడి. ఏడాదికి రెండుసార్లు బ్లోయరుతో ఊదించండి. వెనక ఖాళీ కన్నాలుంటే మూయించండి, బల్లి దూరి షార్టయిన బోర్డులు నా చేతుల్లోంచి చాలా పోయాయి.

ముట్టుకుంటే జివ్వుమంటుంది

క్యాబినెట్ రేకు తగిలితే వేలికి చీమ కుట్టినట్టుందని, కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాకే ఇలా ఉందని కోప్పడుతూ వచ్చినవాళ్లు ఉన్నారు. చిత్రమేమిటంటే అందులో చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ మంచిదే. మంచి ఫిల్టరులో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి రెండు చిన్న కెపాసిటర్లు రేకుకు కలిపి ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్తు తీగలోకి పోవాలి. ఎర్తు లేకపోతే అది రేకులోనే ఆగుతుంది. రెండు కెపాసిటర్ల మధ్య ఉన్న రేకు 230లో సగం, 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి ప్రమాదం తక్కువ, కానీ అదే రేకుకు తగిలించిన హెచ్‌డీఎంఐ కేబులును టీవీలో గుచ్చే క్షణంలో పోర్టు కాలిపోవచ్చు. నిజంగా ఏదైనా తీగ ఊడి రేకుకు తగిలిన రోజున, ఎర్తు లేని ఇంట్లో అది మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

మన పాత ఇళ్లలో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది, పై కన్నం వెనక తీగ ఉండదు. మీటరుతో చూడండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత ఉందో ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంట తవ్వించి, పైపు వేసి, బొగ్గూ ఉప్పూ పోయించండి. ఎండాకాలంలో దానికి బకెట్ నీళ్లు పోస్తూ ఉండాలి. కొందరు ప్లగ్గులోనే న్యూట్రల్‌ను ఎర్తు కన్నానికి కలిపేస్తారు. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. న్యూట్రల్ ఎక్కడో తెగితే మీ క్యాబినెట్ రేకు మొత్తం 230 వోల్టులవుతుంది.

ఇన్వర్టరు, యూపీఎస్

ఇంటి ఇన్వర్టరు వెనకాల యూపీఎస్, నార్మల్ అని ఒక స్విచ్చి ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోయినప్పుడు త్వరగా మారుతుంది, కంప్యూటరు ఆగదు. కానీ ఆ స్థానంలో అది సుమారు 180 వోల్టుల కన్నా తగ్గగానే బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. స్టూడియో అన్న ఇంట్లో రాత్రంతా 174 ఉంటే బ్యాటరీ రాత్రంతా కరుగుతూనే ఉంది. నార్మల్‌లో పెడితే 100 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, అయితే మారేటప్పుడు ఆలస్యం చేస్తుంది, కంప్యూటరు పడిపోతుంది. ఈ చిక్కుకు నేను చేయించినది ఇది: ఇన్వర్టరును నార్మల్‌లో ఉంచి, కంప్యూటరుకు విడిగా ఒక 600 వీఏ యూపీఎస్. 140, 150 వోల్టుల దాకా బ్యాటరీ తీయకుండా పైకెత్తి ఇచ్చే రకం తీసుకున్నాం. అవి బ్యాటరీకి మారడానికి 10 మిల్లీసెకన్ల లోపే పడుతుంది, ఎస్‌ఎంపీఎస్ ట్యాంకులో 16 ఉన్నాయి కాబట్టి సరిపోతుంది.

ఒక జాగ్రత్త. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సుమారు 360. పైగా చవక యూపీఎస్‌లు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు గోడ కరెంటులా నున్నగా ఊగదు. కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని చూసి ఆగిపోతాయి. కొనేచోటే రెంటినీ కలిపి, కంప్యూటరు నడుస్తుండగా గోడ ప్లగ్గు పీకించి చూడండి. నాలుగైదు సార్లు పీకినా నిలబడితే ఇంటికి తెచ్చుకోండి.

మాడ్యులర్ కేబుళ్ల గురించి ఒక్క మాట. ఊడదీసి పెట్టుకునే కేబుళ్లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు చాలాసార్లు సరిగ్గా దూరుతాయి గానీ, లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. పాత కేబులు ఉంది కదా అని గుచ్చితే హార్డ్ డిస్కులోకి 5 వోల్టుల చోట 12 వెళ్లి, అందులోని ఫొటోలన్నీ పోతాయి. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే కేబుళ్లన్నీ మార్చాల్సిందే.

ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి ఫ్యాను తిరిగింది కాబట్టి బాగుందని చెప్పేవాళ్లను నమ్మకండి. ఫ్యానుకు కావలసింది రెండు మూడు వాట్లు. లోడు పెట్టి, 12 వోల్టుల లైను 11.4 కన్నా దిగకుండా, 12.6 దాటకుండా ఉందో లేదో చూస్తేనే పరీక్ష.

స్టూడియోకు ఫుల్ రేంజ్, బ్రాంజ్, 550 వాట్లది పెట్టాం. ఆ రాత్రి తొమ్మిదింటికి మీటరు 171 దగ్గర ఊగుతుండగా ఆల్బమ్ మొత్తం ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

ఎంత మంచిదైనా ఆపలేని ఆపద ఒకటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరం పక్కనే నడిచి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. తర్వాత కొన్ని రోజుల్లో ఒకే వీధి నుంచి రెండు కంప్యూటర్లు నా దగ్గరికి వచ్చాయి. కరెంటు తిరిగి ఇచ్చినప్పుడు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి ఉంది. అలా తెగితే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల దాకా ఇళ్లు పంచుకుంటాయి. తక్కువ లోడు ఉన్న ఇంటికి ఎక్కువ వోల్టేజీ పడుతుంది. 450 వోల్టుల కెపాసిటర్ దాని ముందు నిలవదు. రెంటిలో ఒకదాంట్లో ఆ రక్షణ బిళ్ల, ఫ్యూజు కాలి అక్కడే ఆగింది, ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి మారిస్తే కంప్యూటరు లేచింది. రెండోదాంట్లో బిళ్ల ఉండాల్సిన చోట కన్నాలే ఉన్నాయి. మదర్‌బోర్డు, డిస్కు రెండూ పోయాయి. మెయిన్ బోర్డులో వోల్టేజీ హద్దు దాటగానే తెంచేసే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టరు పెట్టించుకుంటే ఇంట్లో ఫ్రిజ్జూ టీవీ కూడా దక్కుతాయి. అది లేని ఇంట్లో, గాలివాన తర్వాత కరెంటు వచ్చినప్పుడు లైట్లు మామూలు కన్నా తెల్లగా వెలిగి ఫ్యాను గిర్రున తిరిగితే, వెంటనే వెళ్లి మెయిన్ ఆపేయండి. లైన్‌మన్ వచ్చి చూసేదాకా వేయకండి.